విశాఖలో డేటా సెంటర్ సరే.. మనుబోలులో రౌటర్ ఎవరు చూస్తారు?

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఏఐ హబ్ పెడుతున్నట్టు ప్రకటించింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి. విదేశాల నుంచి సముద్రగర్భ కేబుళ్లు కూడా నేరుగా విశాఖ ఒడ్డుకే తెస్తామన్నారు. ఆ వారమంతా మీ వాట్సప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరిగి ఉంటుంది: 'అందులో మనకు ఉద్యోగాలుంటాయా?' ఉంటాయి. అయితే డేటా సెంటర్ కట్టేటప్పుడు కావలసినంత మంది, కట్టాక లోపల నడపడానికి అక్కర్లేదు. వాటికోసం పోటీ పడొద్దని కాదు. కానీ ఆ కేబుల్‌కు రెండు చివరలు ఉంటాయి. ఒక చివర విశాఖలోనో చెన్నైలోనో ఉంటే, రెండో చివర మనుబోలులో ఒక ఇంటి హాల్లో, టీవీ వెనకాల, దుమ్ము పట్టిన చిన్న తెల్లపెట్టెలో ఉంటుంది. ఈ రెండో చివర గురించి కెరియర్ పేజీల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ వారం దాని సంగతే.

ఇలాంటి ఇల్లు మీ వీధిలోనూ ఒకటి ఉండే ఉంటుంది. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో. ఇంట్లో ఉండేది రిటైరయిన మాస్టారు, ఆయన భార్య. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు కొడుకు గేటుకి ఒక కెమెరా, హాల్లో ఒక కెమెరా, రెండు స్మార్ట్ ప్లగ్గులు, మాట్లాడే స్పీకరొకటి పెట్టి వెళ్లాడు. నెల తిరగకుండా కెమెరా ఆగింది. అప్పుడు ఆ పెద్దావిడ ఎవరిని పిలుస్తుంది? కంపెనీ కాల్ సెంటర్‌ని కాదు. పక్కింట్లో బీటెక్ చదివే అబ్బాయిని.

'అబ్బయా, మా వోడు పెట్టిన కెమెరాలో ఏమీ కనపడటంలేదంట. ఫోన్లో ఒకటే గోల. ఒకసారొచ్చి చూడయ్యా.'

'వస్తన్నా పెద్దమ్మా.'

ఆ అబ్బాయి వెళ్లి రౌటర్ స్విచ్ ఆపి వేస్తాడు, పనిచేస్తుంది, కాఫీ తాగి వస్తాడు. మళ్లీ వారానికి ఆగుతుంది. ఇక్కడ ఒక పని ఉంది, దానికి అవసరం ఉంది, డబ్బిచ్చేవాళ్లూ ఉన్నారు. లేనిదల్లా ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా తెలిసి చేసే మనిషి. ఎలక్ట్రీషియన్‌కు వైరింగ్ తెలుసు, నెట్‌వర్క్ తెలియదు. కేబుల్ అబ్బాయికి ఫైబర్ తెలుసు, స్విచ్‌బోర్డు తెరవడు. బీటెక్ కుర్రాడికి ఐపీ అడ్రస్ తెలుసు, టెస్టర్ పట్టుకోడు. ముగ్గురి మధ్యా కెమెరా ఆగిపోయి ఉంటుంది.

తీగ వచ్చింది, ఆ తర్వాత?

మనుబోలు 16వ నంబరు జాతీయ రహదారి మీద, గూడూరు - నెల్లూరు రైలు మార్గంలో ఉన్న మండల కేంద్రం. చెన్నై నుంచి విజయవాడ వైపు వెళ్లే పట్టాల వెంట రైల్‌టెల్ వారి ఫైబర్ కూడా నడుస్తుంది. దక్షిణాన కొన్ని గంటల దూరంలో చెన్నై, అక్కడ సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరే కేంద్రాలు. అంటే ఇంటర్‌నెట్ ఈ ఊరికి దూరంగా ఎప్పుడూ లేదు, ఊరి పక్కనుంచే పోతోంది. ఇబ్బందల్లా ఆ పెద్ద కాలవలోంచి ఇంటి గడప దాకా పిల్ల కాలవ తవ్వడమే.

దానికి మన రాష్ట్రం చేసిన ప్రయత్నం దేశమంతా చూసింది. 2016 డిసెంబరులో అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని మోరి గ్రామాన్ని స్మార్ట్ విలేజ్ నమూనాగా తీసుకుని ఇంటింటికీ ఫైబర్ ఇచ్చారు. ఆ ఊరికి చెందిన, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో పనిచేసే సాల్మన్ డార్విన్ ఆ ప్రయోగానికి ముఖ్యులు. సరిగ్గా ఏడాదికి, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్‌నెట్, టీవీ, ఫోన్ మూడూ. ఈ ధర ఎలా సాధ్యమైందంటే, భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు కాబట్టి. ఇంటికి కనెక్షన్ ఇచ్చే పనిని ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లకు అప్పగించారు.

ఆలోచన మంచిదే, దానికి ఇప్పటికీ ఓటు వేయొచ్చు. తర్వాత జరిగింది మీకు తెలుసు. టెండర్ల మీద కేసులు, ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆరోపణలు. 2024 డిసెంబరులో, నిబంధనలు పాటించకుండా చేర్చుకున్నారంటూ 410 మంది ఉద్యోగులను తొలగిస్తున్నట్టు సంస్థ చైర్మన్ ప్రకటించారు. రెండు నెలలకు ఆయనే రాజీనామా చేశారు. ఎవరిది తప్పన్నది ఇక్కడ మన విషయం కాదు. ఉద్యోగం వెతుక్కుంటున్న మీరు గమనించాల్సింది ఆ 410 అంకె. పరీక్ష, నోటిఫికేషన్ లేకుండా 'తెలిసినవాళ్లు చెబితే' దొరికే కొలువు ఎంత గట్టిదో అది చెబుతుంది.

కేంద్రం వైపు చూస్తే 2023 ఆగస్టులో సవరించిన భారత్‌నెట్ పథకానికి 1,39,579 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. అందులో మీకు పనికొచ్చే మాట 'ఉద్యమి'. గ్రామంలోనే ఒక యువకుడు లేదా యువతి ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లిచ్చి, వాటిని చూసుకుంటూ, నెల చందాలో వాటా తీసుకునే పద్ధతి ఇది. సగం సగం వాటా అని చెబుతూ వచ్చారు. మంచిదే, కానీ చేరేముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: ఇంటి దగ్గర పెట్టే పెట్టె ఖర్చు ఎవరిది, తీగ తెగితే అతుకు ఖర్చు ఎవరిది, చందా కట్టని ఇంటి బాకీ ఎవరి నెత్తిన పడుతుంది. వాటా పెద్దదిగా కనపడి, చివరికి చేతికి ఏమీ మిగలకపోయేది ఈ మూడింటి దగ్గరే.

స్టార్‌లింక్ వస్తే ఇవన్నీ దండగ కదా అంటారు కొందరు. 2025 జూన్‌లో దానికి టెలికాం శాఖ లైసెన్సు దొరికిన మాట నిజమే. నెట్ ఆకాశం నుంచి వచ్చినా ఇంట్లోకి రాక తప్పదు, గోడలు దాటక తప్పదు, కరెంటు పోయినప్పుడు ఆగక తప్పదు. లోపలి పని అలాగే ఉంటుంది.

మొదట కరెంటు, తర్వాతే కెమెరా

స్మార్ట్ హోం అనగానే యూట్యూబ్‌లో రంగులు మారే బల్బులు చూపిస్తారు. అవి సరదా వస్తువులు, పక్కన పెట్టండి. మాస్టారి ఇంట్లో కెమెరా ఎందుకు ఆగిందో చూద్దాం.

మొదటి అనుమానం కరెంటు మీద. తీరప్రాంతంలో గాలివాన వస్తే లైన్లు ఆపేస్తారు. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద హైవే, రైలు పట్టాలు రెండూ కోసుకుపోయిన జిల్లా మనది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను. అమెరికాలో ఉన్న కొడుకు అమ్మానాన్నల్ని చూడాలని ఎప్పుడు ఆత్రపడతాడు? సరిగ్గా అలాంటి రాత్రే. సరిగ్గా అప్పుడే రౌటర్ ఆరిపోయి ఉంటుంది.

దీనికి లెక్క చాలా తేలిక. ఫైబర్ పెట్టె, రౌటర్ కలిపి 12 వాట్లు తింటాయనుకుందాం. 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీలో 84 వాట్-అవర్లుంటాయి. పూర్తిగా పీల్చేస్తే బ్యాటరీ పాడవుతుంది కాబట్టి సగమే వాడదాం. అంటే 42ని 12తో భాగిస్తే మూడున్నర గంటలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇంకా నయం, కానీ రౌటర్ పెట్టిన ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో ఎవరూ చూసి ఉండరు. ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, నెట్ పోతుంది. ఈ ఒక్క ప్లగ్గు మార్చడంతో సగం ఫిర్యాదులు తీరతాయి.

ఇంకో తేడా తెలుసుకోండి. ఇళ్లకిచ్చే ఫైబర్‌ను జీపాన్ పద్ధతిలో ఇస్తారు. ఆపరేటర్ గదిలోని పెట్టె నుంచి మీ ఇంటి పెట్టె దాకా మధ్యలో కరెంటు అవసరమే ఉండదు. వీధిలో కనపడే స్ప్లిటర్ గాజు తీగలోని వెలుగును పంచుతుంది, అంతే. అదే పాతకాలం ల్యాన్ తీగతో, స్తంభానికి స్విచ్ పెట్టి ఇచ్చే నెట్ అయితే వీధిలో కరెంటు పోగానే మీ బ్యాటరీ ఎంతున్నా లాభం లేదు. బ్యాటరీ అమ్మేముందు ఆ ఇంటికొచ్చింది ఏ తీగో చూడాలి. చూడకుండా అమ్మితే రెండోసారి మిమ్మల్ని పిలవరు.

రెండో అనుమానం వెలుగు. పెట్టె మీద ఎర్ర లైటు వెలిగితే తీగ తెగిందని అందరికీ తెలుసు. తెగకుండానే నీరసించిన తీగ అసలు బాధ పెడుతుంది. ఆప్టికల్ పవర్ మీటరు పెడితే డీబీఎంలో ఒక అంకె వస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే హాయి. మైనస్ 27 దాటితే పగలు పనిచేసి రాత్రి ఆగడం, వాన పడితే ఆగడం లాంటివి మొదలవుతాయి. ఒక తీగను రెండుగా చీల్చిన ప్రతిసారీ మూడు డీబీ పైగా పోతుంది. బీరువా వెనక మడతపడ్డ తీగ కూడా అంతే తింటుంది. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం దాంట్లో గుచ్చినా అంతే. వీటికి బీటెక్ అక్కర్లేదు, మీటరు చేతిలో ఉండాలి. ఇంటర్వ్యూలో ఈ అంకె చెప్పగలిగిన అభ్యర్థిని ఏ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఇన్‌ఛార్జి అయినా తల ఎత్తి చూస్తాడు.

మూడోది వేగం. '100 ఎంబీపీఎస్ ప్లాన్ వేశాం సార్' అంటారు. కెమెరాకు కావాల్సింది పైకి పంపే వేగం. ఒక కెమెరా 2 ఎంబీపీఎస్‌తో రాత్రీపగలూ క్లౌడ్‌కి పంపుతుంటే రోజుకు 21.6 జీబీ. నెలకు 648 జీబీ. నాలుగు కెమెరాలైతే దాదాపు 2,600 జీబీ. నెల మధ్యలోనే వేగం ఎందుకు పడిపోయిందో ఇప్పుడు అర్థమైందా? మెమరీ కార్డులో రికార్డు చేసుకుని, కదలిక కనపడినప్పుడు మాత్రమే పైకి పంపేలా పెడితే ఈ భారం చాలావరకు పోతుంది. ఇది సెట్టింగ్స్‌లో ఒక్క మార్పు. పెద్ద ప్లాన్ అమ్మడం కంటే దీనికే మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు. ఇంకొకటి, చాలా స్మార్ట్ ప్లగ్గులు, చవక కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి ఉంటే ఫోన్ 5 మీద, ప్లగ్గు 2.4 మీద ఉండి ఒకదాన్నొకటి కనుక్కోలేక మొరాయించడం రోజూ జరిగేదే. మొదటిసారి జోడించేటప్పుడు రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టేస్తే గొడవ ఉండదు.

డాలస్ ప్లగ్గు, మనుబోలు గోడ

కొడుకు సూట్‌కేసులో తెచ్చిన స్మార్ట్ ప్లగ్గుల మాటకొద్దాం. అమెరికాలో ఇళ్లకు 120 వోల్టులు, మనకు 230. పైన రాసిన వోల్టేజి చదవకుండా అడాప్టర్ పెట్టి గుచ్చితే పొగ వస్తుంది. జడ్-వేవ్ అనే రేడియో పద్ధతిలో పనిచేసే తాళాలు, సెన్సర్లు తెచ్చినా తంటాయే. అమెరికా పౌనఃపున్యం 908 మెగాహెర్ట్జ్, మనది 865. ఆ హబ్బుకు ఈ సెన్సర్ మాట వినపడదు. వైఫైతో, బ్లూటూత్‌తో పనిచేసే వాటికి ఈ బెడద లేదు.

మన స్విచ్‌బోర్డులోనూ ఒక చిక్కుంది. స్విచ్ వెనక పెట్టే స్మార్ట్ రిలే ఎప్పుడూ మేలుకుని ఉండాలి కాబట్టి దానికి ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా కావాలి. సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ దొరుకుతుంది. మెట్ల దగ్గర, బాత్‌రూం బయట ఉండే ఉత్త స్విచ్ బోర్డుల్లో చాలాచోట్ల ఉండదు. పక్క గదిలోంచి న్యూట్రల్ లాగితే, అది ఇన్వర్టర్ న్యూట్రల్‌తో కలిస్తే, ఆర్‌సీసీబీ పడిపోతూ ఉంటుంది. 'స్మార్ట్ పెట్టినప్పటి నుంచి కరెంటు పోతోంది' అని ఇంటాయన అంటే కారణం చాలాసార్లు ఇదే. బీఎల్‌డీసీ ఫ్యాను ఉంటే దానికి రెగ్యులేటరు లాంటి మాడ్యూల్ పెట్టకండి, దాని లోపలే కంట్రోలర్ ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. స్విచ్‌బోర్డు తెరవడం సరదా కాదు. వినియోగదారుడి ఇంట్లో వైరింగ్ పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేత చేయించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. మీకు పర్మిట్ లేకపోతే ఉన్నవాళ్లతో జత కట్టండి. ఊళ్లో నలభై ఏళ్ల అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌ను 'అన్నా, బోర్డు పని నువ్వు చూడు, ఫోన్ పని నేను చూస్తా' అని అడగడం నామోషీ అనుకునే బీటెక్ కుర్రాళ్లను చూశాను. ఆ నామోషీ ఖరీదు ఒక వ్యాపారం.

ఇంటికన్నా ముందు పొలం

నిజం చెప్పాలంటే మన జిల్లాలో స్మార్ట్ పరికరాలు మొదట వచ్చింది ఇళ్లలోకి కాదు, మోటారు షెడ్డుల్లోకి. రాత్రిపూట పాములకు భయపడుతూ మోటారు వేయడానికి వెళ్లే బాధ తప్పించడానికి సిమ్ కార్డుతో పనిచేసే మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ 'నానో గణేశ్' పేరుతో అలాంటిది తెచ్చి ఏళ్లయింది. రైతుకు యాప్ అందంతో పనిలేదు. ఫోన్ కొడితే మోటారు తిరగాలి, ఒక ఫేజ్ పోతే ఆగాలి, తిరిగిందో లేదో మెసేజ్ రావాలి. స్మార్ట్ హోం వాళ్లు నేర్చుకోవాల్సిన పాఠం ఇందులోనే ఉంది.

తీరం వైపు వెళ్తే రొయ్యల చెరువులు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఉండదు కదా. ఆ సమయంలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, కాపలా మనిషి నిద్రలో ఉంటే, పంట తెల్లారేసరికి తేలిపోతుంది. ఇంట్లో బల్బు వెలగకపోతే చీకటి, ఇక్కడ ఏరేటర్ ఆగితే అప్పు. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ చెరువులో నీటిని కొలిచి ఫోన్‌కి చెప్పే పరికరాలతోనే పేరు తెచ్చుకుంది, నెదర్లాండ్స్‌కు చెందిన న్యూట్రెకో దాని మీద పెట్టుబడి పెట్టింది. అలాంటి పరికరాలు అమ్మేవాళ్లు ఉంటారు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన టెర్మినల్ విప్పి, సెన్సర్‌ను తుడిచి, సిమ్ సిగ్నల్ చూసి సరిచేసేవాళ్లు దగ్గర్లో ఉండాలి. ఏరేటర్ అలారానికి వైఫై ఒక్కటే నమ్ముకోకుండా సిమ్ కూడా పెట్టాలని చెప్పగలిగే మనిషికి ఆక్వా రైతు డబ్బివ్వడానికి వెనకాడడు. అందుకే కాలేజీ ప్రాజెక్టుకు రంగు బల్బుల బదులు మీ మేనమామ చెరువు గట్టును ఎంచుకోమంటాను.

ఈ వరసలోనే స్మార్ట్ మీటర్లు కూడా వచ్చాయి. వాటి మీద జనంలో అనుమానాలు పెరిగి, 2025 జులైలో గృహ వినియోగదారుల మీద బలవంతం ఉండదని రాష్ట్ర ఇంధన మంత్రి చెప్పాల్సి వచ్చింది. అడగకుండా ఇంట్లోకొచ్చిన పరికరాన్ని మనిషి నమ్మడు. ఈ పనిలోకి దిగేవాళ్లకు ఆ సంగతి చాలా దగ్గరగా తగులుతుంది.

తాళంచెవి ఎవరి చేతిలో?

కెమెరా బిగించే కుర్రాడు చేసే అతి మామూలు తప్పు ఏమిటో తెలుసా? ఇంటాయనకు ఈమెయిల్ లేదని, తొందరలో తన సొంత ఈమెయిల్‌తో యాప్ ఖాతా తెరవడం. ఆ క్షణం నుంచి ఆ ఇంటి హాలు ఆ కుర్రాడి ఫోన్లో ఉంటుంది. వాడికి చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. రేపు వాడి ఫోన్ పోతే? ఇంటివాళ్లతో మాటా మాటా వస్తే? ఆ ఇంట్లో పెళ్లీడు ఆడపిల్ల ఉంటే ఊరేమంటుంది? ఖాతా ఇంటివాళ్ల నంబరుతోనే తెరవండి, పాస్‌వర్డ్ వాళ్ల చేతే కొట్టించండి, కొట్టేటప్పుడు మీరు పక్కకి చూడండి. ఆ చిన్న మర్యాదను పెద్దవాళ్లు గమనిస్తారు.

కంపెనీ ఇచ్చిన 'అడ్మిన్' పాస్‌వర్డు మార్చకుండా వదిలేయడం రెండో తప్పు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఇలాంటి కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటన్నిటి చేతా ఒకేసారి దాడి చేయించడంతో అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లు గంటల తరబడి ఆగాయి. ఎవరి ఇంటి గేటు కెమెరానో ఇంకొక దేశం మీద రాయి విసిరిందన్నమాట.

ప్రభుత్వమూ కదిలింది. 2025 ఏప్రిల్ 9 నుంచి దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలు భద్రతా పరీక్షలు దాటి ఉండాలన్న నిబంధన అమల్లోకొచ్చింది. బిల్లు లేకుండా చవగ్గా దొరికే పేరులేని కెమెరాలను కొని బిగిస్తే రేపు అడిగేది మిమ్మల్నే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టానికి 2025 నవంబరులో నియమాలొచ్చాయి. మనిషి తన ఇంటి అవసరానికి వాడుకునే డేటాకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది. హాస్టలు, దుకాణం, కల్యాణ మండపం ఇల్లు కావు, అక్కడ బిగించేటప్పుడు ఆ తేడా యజమానికి చెప్పాలి.

కంపెనీ మూతపడితే ఏమిటన్న ప్రశ్న కూడా అడగండి. అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోం సంస్థ 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా సర్వర్లు ఆపేసింది. జనం ఇళ్లలో స్విచ్‌లు యాప్‌కి పలకడం మానేశాయి. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం కొంత ఊరట, వేర్వేరు కంపెనీల పరికరాలు ఇంట్లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. ఏది కొన్నా నెట్ పోయినప్పుడు గోడ మీద స్విచ్ నొక్కితే లైటు వెలగాలి. వెలగకపోతే ఆ వస్తువు మాస్టారి ఇంట్లో పెట్టకండి.

చేరాలనుకుంటే

ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సుకు ఇప్పటికీ విలువ తగ్గలేదు. దానికి తోడు ఐఓటీ టెక్నీషియన్ ట్రేడులు, అంటే స్మార్ట్ సిటీ, స్మార్ట్ వ్యవసాయం లాంటివి, వచ్చాయి. మీ దగ్గరి ఐటీఐలో ఉందో లేదో అడగండి. టెలికాం నైపుణ్య మండలి కింద ఆప్టికల్ ఫైబర్ స్ప్లైసర్, బ్రాడ్‌బ్యాండ్ టెక్నీషియన్ శిక్షణలున్నాయి. డిగ్రీ, డిప్లొమా వాళ్లు జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం ఎన్‌ఏటీఎస్ పోర్టల్లో, ఐటీఐ వాళ్లు ఎన్‌ఏపీఎస్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. నెట్‌వర్కింగ్ ఓనమాలకు సిస్కో అకాడమీ ఉచిత ఆన్‌లైన్ పాఠాలు చాలు. సర్టిఫికెట్ కన్నా ముందు మీ ఇంట్లో రౌటర్‌ను ఒకసారి పూర్తిగా రీసెట్ చేసి, ఎవరినీ అడక్కుండా మళ్లీ నిలబెట్టండి. అది చేతనైతే సగం పని వచ్చినట్టే.

ఇది గొప్ప జీతాల రంగం అని చెప్పను. పెద్ద కంపెనీల తరఫున ఇళ్లకు వెళ్లే కుర్రాళ్లలో చాలామంది కాంట్రాక్టు మనుషులే, కనెక్షన్‌కి ఇంత అని లెక్క. రోజుకు ఇన్ని ఇళ్లు అన్న టార్గెట్ వాళ్ల చేత హడావిడి పని చేయిస్తుంది. సొంతంగా చేసేవాళ్లకు మొదటి ఏడాది మొహమాటమే శత్రువు. పెద్దమ్మ దగ్గర డబ్బులడగలేం. ఆమె కొడుకును అడగొచ్చు. పని చేసే ముందే 'అన్నా, ఏడాదికి ఇంత, నెలకోసారి వచ్చి చూస్తా, కరెంటు పోయినప్పుడు ఫోన్ చేస్తే పలుకుతా' అని డాలస్‌కి ఒక మెసేజ్ పెట్టండి. ఆయనకు కెమెరా ధర కన్నా, ఊళ్లో పలికే మనిషి ఉన్నాడన్న నమ్మకమే విలువైనది.

చివరిగా ఒక్క పని మాత్రం చేయకండి. ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా పోతోందని చెప్పాను కదా. ఇంటికి లాగే డ్రాప్ కేబుల్‌లో బలానికి ఒక ఉక్కు తీగ ఉంటుంది. గాజుకు కరెంటు పట్టదు, ఉక్కుకు పడుతుంది. వానలో అది ఎల్‌టీ లైన్‌కి తగిలితే కింద పట్టుకున్నవాడి పని అంతే. ఆపరేటర్ 'ఎక్కరా, ఏం కాదు, రోజూ ఎక్కేవాళ్లమే' అంటాడు. లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్‌సీ తీసుకున్నారా అని అడగండి. తీసుకోలేదంటే దిగువనే నిలబడండి. ఆ రోజు కూలి పోతే పోనీ. మాస్టారి కెమెరా రేపైనా చూసుకోవచ్చు.